పాటదారు మాట

అంతర్జాల వేలంలో పాత నాణేనికి హెచ్చుపాట పాడి, సొమ్ము చెల్లించక మాయమైన వ్యక్తి చేసిన నేరమేమిటి? నాణెం అమ్మకందారు వద్దనే ఉన్నదిగదా అనవచ్చు. కాని పాట అంటే వాగ్దానం. దాన్ని నమ్మియే తక్కిన పాటదారులు వెనుకకు తగ్గారు.

ఊరి వేలంలో పదిమంది కళ్ళే మాటకు కాపలా. ముఖాలు కనిపించని సంతలో ఆ కాపలాను ఈబే 1996లో పరస్పరాభిప్రాయాల పట్టికకు అప్పగించింది. కొందరు అమ్మకందారులు దాన్ని ప్రతీకారానికి వాడుకొంటున్నారని, కొనుగోలుదారును విమర్శించే హక్కును 2008లో వారినుండి తొలగించింది. ఒకరి నోరు విప్పించడానికి మరొకరి నోరు కట్టవలసివచ్చింది.

సొమ్ము అందాకనే సరుకు పంపడం, మాట తప్పినవారిని తిరిగి పాడనీయకపోవడం ఆత్మరక్షణలే, నీతి కావు. సంతను నిందించి పాటదారును విడిచిపెట్టలేము. చూసేవారు లేనప్పుడు నిలుపుకొన్న మాటే మాట. అయితే ప్రతి సంబంధాన్నీ సరుకుగా మార్చిన వ్యవస్థ, మాటనిలకడను మాత్రం మనుషుల వద్ద ఉచితంగా ఆశించడమే వింత.