ఒకే ఫోటోలో ఇద్దరు

ప్రియ చదువరీ, నీ బిడ్డను చంపినవాని ప్రక్కన నిలిచి ఫోటో తీయించుకొనగలవా?

ఆఫ్రికాలోని రువాండా దేశములో 1994వ సంవత్సరమున, సుమారు 100 దినములలో, ఎనిమిది లక్షల మంది వరకు చంపబడిరి. వారిలో అధికులు టుట్సీలు. చంపినవారు అన్యదేశస్థులు కారు. అదే భాష మాటలాడు ఇరుగుపొరుగువారు. దేశస్థులలో ఎక్కువమంది క్రైస్తవులే. ప్రాణము దక్కునని న్యమటా, ఎన్‌టరామా దేవాలయములలో చేరినవారిని ఆ దేవాలయములలోనే చంపిరి. ఇది మనము సిగ్గుతో తలంచుకొనవలసిన సంగతి.

ఇరువది ఏండ్లు గడచిన పిమ్మట, 2014లో, దక్షిణాఫ్రికా ఫోటోగ్రాఫరు పీటర్ హ్యూగో అచ్చటికి వెళ్లి, కీడు చేసినవారిని, కీడు అనుభవించినవారిని జతలుగా నిలిపి ఫోటోలు తీసెను. వారు అనేక మాసములు చిన్న కూటములలో కూర్చుండి మాటలాడుకొనినవారు. తప్పు చేసినవాడు నోరు తెరచి ఒప్పుకొని క్షమాపణ వేడవలెను. క్షమాపణ దొరికినయెడల, అతడును అతని ఇంటివారును బుట్టలో ఆహారము తెచ్చి ఇత్తురు.

కొందరు ఊరి కబుర్లు చెప్పుకొనుచు కలిసి కూర్చుండిరి. మరికొందరు ఫోటోకు ఒప్పుకొనిరి గాని, అంతకు మించి దగ్గరకు రాలేకపోయిరి. వీరిని తప్పుపట్టకుము. క్షమాపణ అప్పు కాదు, గడువు పెట్టి వసూలు చేయుటకు. అయితే ఒప్పుకొనుటకు మాత్రము ఆలస్యము తగదు.

మన సంఘములో గట్టు తగవు వలన ఒకే చాపమీద కూర్చుండని వారు లేరా? చదువరీ, ముందుగా లేచి వెళ్లవలసినవాడవు నీవేనేమో, ఈ రాత్రి ఆలోచించుము.