యుద్ధాపరాధం ఎవరిది?

1914 జూన్ 28న సారయేవోలో పేలిన తుపాకియే ప్రపంచ యుద్ధానికి కారణమనేవారు అగ్గిపుల్లను చూస్తారు. గడ్డివామి పేర్చినదెవరని అడగరు. 1919 నాటి వెర్సాయ్ సంధి 231వ అధికరణం నష్టానికంతటికీ జర్మనీని, దాని మిత్రులను బాధ్యులను చేసింది. జర్మన్ పాలకవర్గం నిర్దోషి కాదు. బెల్జియంపై దండెత్తినది వారే. కాని నేరస్థుని నేరం రుజువైనంత మాత్రాన అతని పోటీదారుకు న్యాయమూర్తి పీఠం దక్కుతుందా? తీర్పరులైన బ్రిటన్, ఫ్రాన్సులు 1916లోనే అరబ్బుల నేలను రహస్యంగా పంచుకున్నాయి. జర్మనీ నుంచి లాక్కున్న టాంగన్యీకాకు విముక్తి రాలేదు, 'మాండేటు' పేరిట యజమాని మారాడు, అంతే! ఇక మనవారి సంగతి. పదిలక్షల పైచిలుకు మందిని సముద్రాలు దాటించినందుకు దక్కినవి రౌలట్ చట్టం, జలియన్‌వాలాబాగ్. ఆ తర్వాత రెండున్నర నెలలకే వెర్సాయ్‌లో ఇండియా పేరిట సంతకాలు చేసినవారు బ్రిటిష్ మంత్రి మాంటేగూ, బికనీరు మహారాజా.