గాజు జాడీలో చలిజ్వరం

మలేరియా చదువుకు ఆగస్టు 20 రెండుసార్లు కలిసొచ్చింది. 1897లో ఆ రోజున సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో నల్లటి రేణువులున్న కణాలను చూశాడు. సరిగ్గా 79 ఏళ్లకు, 1976లో అదే తేదీన, ‘సైన్స్’ పత్రికలో విలియం ట్రేగర్, జేమ్స్ జెన్సన్‌ల వ్యాసం వచ్చింది. మనిషి మలేరియా క్రిమిని ఒంటికి బయట ఎడతెగకుండా పెంచే పద్ధతి అందులో ఉంది. రాస్ పేరు మన బడిపిల్లలకూ తెలుసు. నాకు మాత్రం రెండోదే ఎక్కువ అబ్బురం.

ఎంత తేలికైన సామగ్రి! గాజు పళ్లెంలో మనిషి ఎర్రకణాలు, సీరం, పోషక ద్రవం. పళ్లేలను జాడీలో పేర్చి, పక్కనే కొవ్వొత్తి వెలిగించి మూత పెడతారు. మంట కొడిగట్టగానే కవాటం బిగిస్తారు. లోపల ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. ఈ క్రిమికి నచ్చే గాలి అదే. 37 డిగ్రీల వెచ్చదనంలో ఫాల్సిపారం అనే ఈ క్రిమి తన 48 గంటల చక్రం తిప్పుకుంటూ పోతుంది. ద్రవం రోజూ మార్చాలి, వినాయక చవితి అయినా సరే. గీమ్సా రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఎర్రకణంలో కెంపు పొదిగిన సన్నని నీలి ఉంగరం! ప్రాణాలు తీసేదాన్ని అందమైనదనడానికి మనసొప్పదు గానీ, చూపు మరలదు.

అలా క్రిమి చేతికి చిక్కాక ఏ మందునైనా దాని మీద పరీక్షించవచ్చు. మా కాణిపాకం వైపు జ్వరమొస్తే కషాయం కాచే నేలవేము ఉందే, దాని చేదుకు మూలమైన ఆండ్రోగ్రాఫోలైడ్‌నూ ఇలాగే పరీక్షించారు. 96 గుంటల ప్లేటులో గుంట గుంటకూ మోతాదు సగం చేస్తూ పోతారు. కొన్ని గుంటల్లో మందే ఉండదు. 72 గంటలయ్యాక కణాలను పగలగొట్టి సైబర్ గ్రీన్ కలుపుతారు. డీఎన్ఏ ఉన్నచోటల్లా పచ్చటి వెలుగు. నాకు ఒళ్లు పులకరించేది ఇక్కడే. మన ఎర్రకణానికి కేంద్రకం లేదు, డీఎన్ఏ లేదు. తెల్లకణాలను ముందే తీసేసి ఉంటారు. కాబట్టి ఆ వెలుగంతా క్రిమిదే! అది ఎక్కడ సగానికి పడిందో చూస్తే మందు బలం తెలిసిపోతుంది.

రాస్ చూసిన నల్ల రేణువులకూ మందులతో చుట్టరికం ఉంది. క్రిమి మన హీమోగ్లోబిన్‌ను తిన్నాక మిగిలే హీమ్ దానికే విషం. ఆ విషాన్ని గట్టి స్ఫటికాలుగా మార్చి బతుకుతుంది; ఆ నల్ల రేణువులు అవే. క్లోరోక్విన్ మందు ఆ పనిని ఆపేస్తుంది. క్రిమి తన ఎంగిలికే బలవుతుంది.

ఆర్టెమిసినిన్ అనే మరో మందుకు లొంగని క్రిమి రకాలు మాత్రం 72 గంటల పరీక్షకు సరిగా దొరకలేదు. అందుకే 2013లో మరో ఉపాయం వచ్చింది. అప్పుడే కణంలో చొరబడిన, మూడు గంటలైనా నిండని ఉంగరాలకు 6 గంటలు మాత్రమే మందు పెట్టి, కడిగేసి, మళ్లీ పెరగనిస్తారు. మూడో రోజున బతికినవాటిని లెక్కపెడతారు.