అధికార శబ్దము

'అధికారి' యనగానే నేడు మనకు బల్ల, సంతకము, ముద్ర తోచును. కాని 'అధి' యను ఉపసర్గతో 'కృ' ధాతువు చేరి పుట్టిన పదమిది. 'కృ' యనగా చేయుట. ఆ మాటలోనే పని యిమిడి యున్నది. పాణిని వ్యాకరణమున అధికార సూత్రములని కొన్ని కలవు. అవి తమ చోట ఏ కార్యమును చేయవు. తరువాతి సూత్రములలో చేరి వాని యర్థమును పూరించును. ఎంత చక్కని యధికారము!

మీమాంసకులు మాత్రము కర్మఫలమునకు స్వామి యగువానినే అధికారి యనిరి. గీత రెండవ యధ్యాయము 47వ శ్లోకమున భగవానుడు ఆ పదమునే గ్రహించి, అర్జునునకు కర్మయందు అధికారము కలదనెను, ఫలమందు లేదనెను. స్వామ్యము తొలగినది, పని మిగిలినది.

గత బ్రహ్మోత్సవమున హారతి వేళ ముందువరుస నా యధికారమని యొక స్వయంసేవకునితో వాదించితిని. ఆతడు చేతిలోని నీళ్లబిందె దింపకయే నాకు త్రోవ యిచ్చెను.