గొడ్డలి ఎత్తే ముందు చేనంతా తిరుగు నాయనా

శివరాత్రి వెళ్లిందో లేదో, ఊళ్లోకి కార్లు దిగుతున్నాయి. తాతలనాటి చేను బీడుపడి, సర్కారు తుమ్మ కమ్ముకుని, కాలు పెట్టే సందు లేకుండా పోయిందట. పిల్లాజెల్లాతో వచ్చి ఒక్క ఆదివారంలో కొట్టి పారేద్దామని మీ ఉద్దేశం. మంచి పనే నాయనా, వద్దనను. అన్నదమ్ములంతా ఒకచోట చేరి, గట్టుమీద కూర్చుని సద్ది తినడం ఈ రోజుల్లో ఎంతమందికి దక్కుతుంది? ఆ తొందర ఒక్కటీ వద్దంటాను.

దిగీదిగగానే రంపం మిషన్ స్టార్ట్ చేయకు. ముందు చేనంతా ఒకసారి తిరుగు. పెద్దనాన్నో మేనత్తో ఎవరు ఓపికగా ఉంటే వాళ్లను వెంటబెట్టుకుని తిరుగు. ముళ్లున్నదల్లా సర్కారు తుమ్మ కాదు. కొమ్మ వంచి దగ్గరగా చూడు. ముళ్లు కణుపు దగ్గర జంటగా ఉండి, కాయలు పొడుగ్గా, పసుప్పచ్చగా వేలాడుతుంటే అది సర్కారు తుమ్మ. కాయలో గింజకూ గింజకూ మధ్య నొక్కుకుపోయి ఉంటే అది మన నల్లతుమ్మ. నాగళ్లకూ బండి చక్రాలకూ కర్ర ఇచ్చిన చెట్టు అది. ముళ్లు పొట్టిగా, మొదలు వెడల్పుగా, కణుపుల మధ్య చెదురుమదురుగా ఉంటే అక్కడే ఆగు. అది జమ్మి. దసరాకి ఏ చెట్టు ఆకు పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కుతావో అదే చెట్టు. సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టం కాబట్టి దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. అందుకే చెబుతున్నా, ముందు తిరుగు. ఉంచాల్సిన చెట్టు మొదలుకు సున్నం పూయి, ఆ తర్వాతే మిషన్ ముట్టుకో. వేప, కానుగ లాంటివి నీ చేలోనే ఉన్నా అడగకుండా కొట్టకు. 2002 నుంచి వాల్టా చట్టం ఉంది, అనుమతి తీసుకోవాలి.

ఈ సర్కారు తుమ్మ కథలో కూడా తొందరే ఉంది, విను. 1877లో జమైకా నుంచి గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటించారు. ఎండిన నేలలో పచ్చదనం రావాలి, పొయ్యిలోకి కట్టె దొరకాలి అనుకున్నారు. చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. త్వరగా పెరిగే చెట్టు కావాలనుకున్నారు, పెరిగింది. ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు.

నేల మట్టానికి కోసేసి చెయ్యి దులుపుకున్నావంటే, ఒక్క మొదలు నుంచి పది పిలకలు లేస్తాయి. జానెడు లోతుకు పైగా తవ్వి, ఆ మోడును వేరుతో సహా పెకలించాలి. పని నెమ్మదిగా సాగుతుంది, సాగనీ. జేసీబీ పెడితే గంటలో అయిపోతుందంటావు. నిజమే, దాంతోపాటు పైమట్టీ పోతుంది. రేపు ఆ చేలో ఏం పండిస్తావు? ఎకరం అనుకున్నది పావెకరమే అయినా ఫర్వాలేదు, అయినంత మేర శుభ్రంగా చెయ్యి.

పిల్లల్ని తీసుకురా, తప్పకుండా తీసుకురా. కానీ చెప్పులతో కాదు. ఆ ముల్లు హవాయి చెప్పుల్లోంచి దిగి, లోపలే విరిగి, చీము పట్టిస్తుంది. చెట్టు పడేటప్పుడు దాని ఎత్తుకు రెండింతల దూరంలో ఉండాలి పిల్లలు. పైన కరెంటు తీగ ఉందా, లైన్‌మన్‌కు చెప్పందే ఆ చెట్టు జోలికి పోకు. కంపను చేత్తో లాగకు, పంగలకర్రతో తోయి. ఏ వైపు కోస్తే ఏ వైపు పడుతుందో ఊళ్లో కూలికి వచ్చేవాళ్లకు తెలుసు. ఒకరిద్దరిని పిలుచుకో, కూలి దగ్గర బేరమాడకు.

సాయంత్రం కంపంతా కుప్పేసి అగ్గిపుల్ల గీయాలనిపిస్తుంది. ఆ ఒక్కటీ చేయకు నాయనా. ఫాల్గుణంలో గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో చెప్పలేం. గట్ల మీద గడ్డి ఎండి ఉంటుంది, పక్కవాడి వామి అక్కడే ఉంటుంది. నువ్వు రాత్రికి సిటీకి వెళ్లిపోతావు. ఊళ్లో ఉండి ఆ మనిషికి ముఖం చూపించాల్సింది మీ నాన్న. లావు కట్టెలు బొగ్గు కాల్చేవాళ్లు కొనుక్కుపోతారు. సన్న కంప గట్టుకు కంచె వేసుకో. కాయలు మాత్రం అక్కడ వదలకు, ఏరించి దూరంగా పడెయ్యి. మేకలు తిని పేడ వేసిన చోటల్లా ఆ గింజ మొలుస్తుంది.

తొలకరి పడ్డాక ఇంకో ఆదివారం మళ్లీ రండి, అదే పిల్లలతో. అప్పటికి వేలెడు మొలకలు లేచి ఉంటాయి, నేల తడిగా ఉంటుంది, పట్టుకుని లాగితే వేరుతో వచ్చేస్తాయి. ఒక్క ఏడాది వదిలేస్తే మళ్లీ గొడ్డలే. అప్పుడు కూడా వస్తామని ఇంట్లో అందరూ అనుకున్నాకే ఈ ఆదివారం పని మొదలుపెట్టండి.