కుండీలోంచి నేలలోకి

అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక పాత చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచినప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదలో వేలమంది కొట్టుకుపోయారు. ఈనాటి ఆసుపత్రి భవనం అప్పటికి లేదు. చెట్టు మాత్రం ఉంది.

మాలో ఒకరి తండ్రి ఆ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో మేము వంతులవారీగా తోడున్నాం. పగలు పక్కనే ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షల చదువు, రాత్రి ఆసుపత్రి ఆవరణలో పడక. ఎండాకాలం మొదట్లో ఆ చెట్టు కింద రాలిన ఒక కాయ ఏరుకున్నాం. గింజలను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, హాస్టల్ డాబా మీద పాత నూనె డబ్బాలో మట్టి పోసి నాటాం. మూడు గింజల్లో ఒకటే మొలిచింది. వానాకాలం ముగిసేసరికి మూరెడు మొక్క అయింది.

అప్పుడు మా మధ్య ఒక వాదం లేచింది. ఉట్నూరు వైపు ఉన్న మా ఊరి బడి ఆవరణలో దాన్ని నాటాలన్నది అందరి మాటే. ఎప్పుడు నాటాలన్నదే తగువు. దసరా సెలవులకు వెళ్లినప్పుడు, హస్త కార్తెలో నాటుదామని కొందరన్నారు. "లేత మొక్కను చలికి అప్పగిస్తామా? ఆదిలాబాద్ చలి సంగతి తెలియదా? ఇంకో ఏడాది డబ్బాలోనే ఉండనివ్వండి" అని మిగతావాళ్లన్నారు. వాళ్లదీ ప్రేమే. మా జిల్లాలో చలికాలం రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. లేత చింతమొక్క గట్టి చలికి తట్టుకోలేదన్నదీ నిజమే.

మొక్క గురించి మొదలైన మాట మెల్లగా మా గురించి అయింది. భద్రంగా ఉంచడం మేలా, బయటికి పంపడం మేలా? ఇది ప్రతి తల్లీ తండ్రీ ప్రతి పంతులూ ఎదుర్కొనే ప్రశ్న. దీన్ని చింతమొక్క దగ్గరే తేల్చుకోవాలనుకున్నాం.

ముందు డబ్బా సంగతి చూద్దాం. చింతకు తల్లివేరు నిటారుగా లోతుకు పోతుంది. డబ్బా అడుగు తగలగానే అది పక్కకు తిరుగుతుంది, తర్వాత చుట్టుకోవడం మొదలుపెడుతుంది. పైన ఆకులు పచ్చగానే కనిపిస్తాయి. చూసేవాళ్లకు మొక్క సుఖంగా ఉందనిపిస్తుంది. ఏడాది రెండేళ్లు పోయాక నేలలో పెట్టినా చుట్టుకున్న వేరు సులువుగా సాగదు. అంటే భద్రత కూడా ఒక అప్పే. మనం ఇచ్చే రక్షణకు వడ్డీ మొక్క కడుతుంది.

అట్లాగని ఎప్పుడు పడితే అప్పుడు పీకి నాటితే సరిపోతుందా? చలి దాటాక నాటుదామంటే వెంటనే ఎండ వస్తుంది, బోరింగు ఎండిపోతుంది. వచ్చే వానాకాలం దాకా ఆగితే వేరు చుట్టుకుంటుంది. ఆపద లేని కాలం ఏదీ దొరకదు. కాబట్టి "ఆపద ఉందా?" అని కాకుండా "ఆపద వచ్చేలోగా వేరు పట్టుకునే వ్యవధి ఉందా?" అని అడగాలి. హస్తలో నేల ఇంకా తడిగా, వెచ్చగా ఉంటుంది. గట్టి చలికి రెండు నెలలు ఉంటుంది. ఆ రెండు నెలలూ మొక్కకు దొరకాలి.

దొరికితే కూడా చాలదు. మార్చేముందు పది పదిహేను రోజులు నీడ తగ్గించి, నీళ్లు తగ్గించి, ఎండకు గాలికి కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. గుంత ముందే తవ్వి ఉంచాలి. మబ్బుపట్టిన రోజునో సాయంత్రమో నాటాలి. అన్నిటికంటే ముఖ్యం, వేరును పట్టుకున్న మట్టి ముద్ద చెదరకూడదు. కొత్త నేలలో మొదటి రోజుల్లో మొక్క బతికేది ఆ పాత మట్టి మీదనే.

ఇక్కడ మాకు సిగ్గనిపించిన విషయం ఒకటి చెప్పాలి. మేము ఆరుగురం కలిసి పై చదువుకు నగరానికి వచ్చాం. ఇద్దరు మొదటి ఏడాదే తిరిగి వెళ్లిపోయారు. "వాళ్లకు పట్టుదల లేదు" అనుకున్నాం. ఏళ్ల తరబడి అదే మాట చెప్పుకున్నాం. వాళ్లకు గుంత తవ్వినవాళ్లెవరు? అలవాటు చేసినవాళ్లెవరు? తరగతిలో వాళ్ల ఉచ్చారణకు నవ్వినప్పుడు మేమూ తల దించుకుని ఊరుకున్నాం కదా! మొక్క వాడిపోతే మొక్కనే తప్పుపట్టడం నాటినవాళ్లకు సులువు. మేము చేసింది అదే.

మన పిల్లలకు ఆ మట్టి ముద్ద ఏమిటి? ఇంటి భాష. గోండి, కొలామి మాట్లాడే ఐదేళ్ల పిల్లను తెలుగు ఒక్కటే వినిపించే బడిలో కూర్చోబెడితే, వేరు కడిగి నాటినట్టే. ఈ సంగతి గ్రహించి పనిచేసిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. 1943లో మార్లవాయిలో హైమండార్ఫ్ గోండు యువకులకే పంతుళ్లుగా శిక్షణ ఇచ్చే బడి మొదలుపెట్టించారు. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగి అప్పటికి మూడేళ్లు. ఆ గాయం మానకముందే తమ మాటలో చదువు చెప్పే తమ పంతులు ఊళ్లోకి వచ్చాడు. మట్టితో సహా మార్చడమంటే ఇదే.

అయితే మొక్కతో పిల్లను పోల్చడానికి ఒక హద్దుంది. అది దాటితే మనమే తప్పు చేసినవాళ్లమవుతాం. మొక్కను అడగలేం. దాని బదులు మనమే ఆలోచించాలి. పిల్లను అడగవచ్చు. ఎక్కడికి పోతావు, ఏం భయం, ఎవరు తోడు కావాలి అని అడగవచ్చు. పైగా పిల్ల తిరిగి రావచ్చు. తిరిగి వచ్చినది ఓడిపోయినట్టు కాదు. మన పెద్దలు, అధికారులు, కొన్నిసార్లు మన పంతుళ్లు కూడా పిల్లల్ని మొక్కల్లాగే ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చారు. అడగడం మరిచారు. అడగకుండా చేసే మేలు సగం మేలే.

చివరికి దసరా సెలవుల్లోనే ఇమ్లీబన్‌లో బస్సెక్కాం. ఇమ్లీబన్ అంటే చింతతోపు. ఆ బస్‌స్టేషన్ పేరులో ఉన్న చింతను ఒడిలో పెట్టుకుని ఊరికి పోతున్నామని దారంతా నవ్వుకున్నాం. ఊళ్లో పటేల్ మొక్కను చూసి ఒక్కటే అడిగాడు: "తెచ్చిండ్రు, మంచిది. మీరు మళ్ల పట్నం పోతరు గదా, నీళ్లెవరు పోస్తరు?"

మా దగ్గర జవాబు లేదు. ఎప్పుడు నాటాలని నెలరోజులు వాదించుకున్నాం గానీ నాటాక ఎవరిదన్నది ఒక్కరమూ అనుకోలేదు. నాటడం ఒక సాయంత్రం పని. కాపాడటం మూడు ఎండాకాలాల పని. మొదటిదానికే పేరు వస్తుంది, రెండోదానితోనే చెట్టు వస్తుంది. చివరికి బడి పంతులమ్మ నాలుగో తరగతి పిల్లల్ని పిలిచి అడిగింది. ఇద్దరు చేతులెత్తారు. నెలకొకసారి మాలో ఒకరు ఊరికి రావాలని మేమూ మాటిచ్చాం.

ఆ చలికాలం మొక్క చుట్టూ గడ్డి తడిక కట్టారు. పుష్యమాసంలో ఆకులు చాలావరకు రాలిపోయాయి. పోయిందనుకున్నాం. పంతులమ్మ గోటితో బెరడు గీకి చూసింది. లోపల పచ్చగానే ఉంది. ఎండలు మొదలయ్యాక చిగురు వేసింది.

అది చెట్టయ్యేసరికి మేము ముసలివాళ్లమవుతాం. అఫ్జల్‌గంజ్ చింతను మొలిపించింది ఎవరో, నీళ్లు పోసింది ఎవరో, వరదనాడు దాని కొమ్మలు పట్టుకున్న 150 మందికి తెలియదు. వాళ్లకు తెలియకపోయినా ఆ కొమ్మలు అందాయి. వెనక్కి వెళ్లిపోయిన ఆ ఇద్దరు మిత్రుల ఇళ్లకు కూడా ఆ సెలవుల్లోనే వెళ్లాం. ఒకరు మళ్లీ చదువుతానన్నారు. ఇంకొకరు వ్యవసాయమే బాగుందన్నారు. ఈసారి మేము ఇద్దరి మాటా విన్నాం.