వేషము వేయువాడు, వేషధారి



మా సంఘములో ఒక పిల్లవాడుండెను. బడి మైదానములో బంతి తన్నుటయందు వానికి సాటివచ్చువాడు లేడు. జిల్లా జట్టులో కూడ ఆడెను. ఇరువదిరెండవ యేట, సినిమాలలో నటించెదనని తల్లితో చెప్పి, పెట్టె పట్టుకొని హైదరాబాదు వెళ్లెను. ఆ ఆదివారము నేను ప్రసంగ పీఠమెక్కి, వాని పేరెత్తకుండనే, వేషములు వేసి బ్రదుకువారిని గూర్చి మిక్కిలి కఠినముగా మాటలాడితిని. మూడవ వరుసలో వాని తల్లి కొంగుతో కన్నులు తుడుచుకొనుచుండెను. నేను చూచితిని. చూచియు ఆపలేదు.

బంతియాట సత్యమైన పని, నటన అబద్ధపు పని అని నా తలంపు. గోలులోనికి పోని బంతిని పోయినదని ఎవడును నమ్మించలేడు. నటుడో, తెరమీద చచ్చును, వెంటనే లేచి టీ త్రాగును. ఈ వాదము వినుటకు బాగుగానే యున్నది. అయితే ఒక మనుష్యుని జీవితము దానిని నాకు సందేహాస్పదము చేసెను.

ఆయన పేరు ఐ. యం. విజయన్. 1969లో కేరళలోని త్రిస్సూరులో నిరుపేద యింట పుట్టెను. చిన్నతనముననే తండ్రి పోయెను. ఆ ఊరి మునిసిపలు స్టేడియములో ఆట చూడవచ్చిన వారికి సోడాలమ్మి, సీసాకు పది పైసల చొప్పున సంపాదించి తల్లికి ఆసరాయయ్యెను. పదునేడేండ్ల ప్రాయమున ఆటయే ఆయనకు కేరళ పోలీసు శాఖలో చోటిచ్చెను. ఆ జట్టు 1990లోను 1991లోను ఫెడరేషను కప్పు గెలిచెను. తరువాత మోహన్ బగాన్ మొదలగు పెద్ద జట్లలో ఆడెను. దేశపు జట్టుకు నాయకుడాయెను. 1999లో భూటానుపై ఆట మొదలైన పండ్రెండవ సెకనులోనే గోలు చేసెను. 2003లో అర్జున బిరుదు, 2025లో పద్మశ్రీ వచ్చెను.

అట్టివాడు మొగమునకు రంగు పూసుకొనెను. జయరాజ్ తీసిన ‘శాంతం’ అను మలయాళ చిత్రములో ఆయనది, రాజకీయ కక్షలో తన చిన్ననాటి స్నేహితునే చంపి ఆ దోషభారముతో నలిగిపోవు యువకుని వేషము. 2000 సంవత్సరమునకు దేశములో ఉత్తమ చిత్రముగా దానికి జాతీయ బహుమానము వచ్చెను. 2006లో ‘తిమిరు’ అను తమిళ చిత్రములో దుర్మార్గుని వేషము. అదియే ‘పొగరు’ అను పేరుతో మన పల్లెలకును వచ్చెను. ఆయనను తిట్టుకొనుచు చూచినవారు మీలోనే ఉందురు.

ఇప్పుడడుగుదును: ఎవనిని చంపనివాడు హంతకుని పశ్చాత్తాపము చూపెను. ఇది మోసమా? చూచు ప్రతివానికిని అది వేషమని తెలియును గదా. అంతేకాదు, కక్షలతో నెత్తురు చిందిన ఊళ్లలో ఆ కథ చూచినవారికి, ఇరుప్రక్కల తల్లులు ఏడ్చుట కనబడియుండును. నాతాను ప్రవక్త దావీదు నొద్దకు వెళ్లి చెప్పిన గొఱ్ఱెపిల్ల కథను తలంచుడి. అట్టి ధనవంతుడు లేడు, అట్టి గొఱ్ఱెపిల్లయు లేదు. అయినను ఆ కథలోనే రాజు తన పాపమును చూచుకొనెను.

మన బైబిలులో ‘వేషధారులు’ అని యున్నచోట గ్రీకు మూలములోని మాట, ఆ కాలమందు నాటకశాలలో వేషము కట్టువానికే చెల్లినది. సెమినరీలో చదువుకొన్న దినములలోనే నేనిది నేర్చితిని. అయితే ప్రభువు గద్దించినది నాటకశాలలోని వారిని కాదు. వీధి మూలలను నిలిచి మనుష్యులు చూడవలెనని ప్రార్థించువారిని. నటునికి తెర దిగును, రంగు కడుగుకొనును. వేషధారికి తెరయే లేదు. చూచువారికి అది వేషమని తెలియదు. కొన్నాళ్లకు వానికే తెలియకుండ పోవును.

గత ఫిబ్రవరిలో మధురానగరులోని బంధువుల యింట రెండు దినములుంటిని. అచ్చటనుండి కృష్ణానగరు నడచిపోవు దూరమే. తెల్లవారకమునుపే సంచులు భుజాన వేసికొని, చిన్న వేషములకు పిలుపు వచ్చునేమోయని వందలమంది నిలిచియుందురు. అందరికిని పని దొరకదు. ఆ గుంపులోనుండి ఒకడు, “అయ్యగారూ!” అని పరుగెత్తివచ్చి నా చేతిసంచి అందుకొనెను. మా పిల్లవాడే. చిక్కియుండెను. ఇడ్లీ తినిపించి డబ్బు నన్ను ఇయ్యనియ్యలేదు.

“అమ్మకు నెలనెలా పంపుతున్నానండి. పని లేనప్పుడు రాత్రిళ్లు ఒక గోదాములో కాపలా ఉంటున్నాను,” అనెను. కొంచెము తడవు ఊరకుండి, “అయ్యగారూ, అమ్మ గుడికి రావడం మానేసిందట గదండీ. నా వల్లే అనుకుంటా. మీరైనా ఒకసారి వెళ్లి పిలవండి,” అనెను.

వాని వలన కాదు. నా వలన. ఆ దినమున పీఠము మీద నాకు కలిగినది పరిశుద్ధమైన కోపమని సంఘము తలంచెను. నిజమేమనగా, నన్నడుగకుండ వెళ్లినాడని నాకు నొప్పి కలిగెను. ఆ నొప్పికి దైవభక్తి అను అంగీ తొడిగితిని. ఆ ఊరిలో వేషము కట్టినవాడెవడో అప్పుడు నాకు తెలిసెను.

యౌవనస్థులారా, ఇది విని అందరును పెట్టెలు సర్దుకొనకుడి. విజయన్ సినిమాలలో పేరు వచ్చిన తరువాత కూడ పోలీసు ఉద్యోగము చేసెను. 2025 వరకు ఆ కొలువులోనే యుండెను. సోడాలమ్మిన సంగతిని దాచుకొనలేదు. ఆటగాని కాళ్లకును నటుని మొగమునకును దినములు కొద్ది. చేతిలో ఒక పనియుండుట మేలు. పెద్దలారా, వెళ్లిన బిడ్డలను గద్దించుటకు ముందు, మనము గద్దించునది వారి తప్పునా, మన నొప్పినా అని ఒక రాత్రి ఆలోచించుకొందము.

ఊరు చేరిన దినముననే ఆ తల్లి యింటికి వెళ్లి క్షమాపణ వేడితిని. ఆమె మంచినీళ్లిచ్చి, “వాడు అన్నం తింటున్నాడా అయ్యగారూ?” అని మాత్రమే అడిగెను. సంఘమంతటి యెదుట చెప్పవలసినది ఇంకను మిగిలియున్నది. వచ్చు ఆదివారము చెప్పెదను.